ఏడు గడులు

మొన్న శనివారం మేం వెళ్లేసరికి ఆయన గొయ్యి ఇంకా తవ్వడం కాలేదు.

ఇంటి దగ్గర ప్రార్థన ముగించుకుని, పదకొండు దాటాక పెట్టెను కాజీపేటలోని మా సమాధుల తోటకు తెచ్చారు. గొయ్యి నడుములోతు కూడా లేదు. కింద బండ తగిలిందట. తవ్వేవాళ్లు గడ్డపారలు పక్కన పడేసి, బండ కొట్టే మనిషి కోసం ఫోన్లు చేస్తున్నారు. పెట్టెను వేపచెట్టు నీడలో బల్ల మీద పెట్టారు. పాస్టరుగారు కుర్చీ తెప్పించుకున్నారు.

"గిన్నేండ్లు మందికి ప్లాన్లు రాసిచ్చిన మనిషి, తన కోసం ఒక్క కాయితం రాసి పెట్టుకోలేదా?" అన్నాడు మా పక్కన నిలబడ్డ ఒక రిటైర్డ్ రైల్వే గార్డు.

"సొరుగులన్నీ ఎతికినం అంకుల్. కాయితం లేదు, పెన్సిల్ లేదు, స్కేలు గూడ లేదు" అంది పోయినాయన కూతురు, కళ్లు తుడుచుకుంటూ.

అందరూ ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం ఆశ్చర్యం కలగలేదు. ఆ పెన్సిలూ స్కేలూ ఎప్పుడు, ఎందుకు పోయాయో ఆ తోటలో నాకొక్కదానికే తెలుసు. బండ పగిలేదాకా రెండు గంటలు నిలబడి, ఆయన గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఆయన పేరు రాయను. మేమంతా అంకుల్ అనేవాళ్లం. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. పట్టాల మరమ్మతుకు ఏ లైనును ఏ పూట ఎంతసేపు ఆపాలో, ఆ కాసేపట్లో ఏ పని అవుతుందో, ఏది కాదో లెక్కకట్టే ఆఫీసు ఆయనది. అలా లైను ఆపి ఇచ్చే సమయాన్ని వాళ్లు బ్లాక్ అంటారు. "నాలుగు గంటల పనికి రెండు గంటల బ్లాక్ అడిగెటోడు పని తెల్వనోడన్న అయ్యుండాలె, అబద్ధాలకోరన్న అయ్యుండాలె. ఇద్దరికీ ఇయ్యద్దు" అనేవాడు. ఇచ్చేవాడు కాదట కూడా. పెద్దపెద్ద ఆఫీసర్లు ఆయన టేబుల్ ముందు నిలబడి బతిమాలుకుని వట్టి చేతులతో వెళ్లేవారని ఆయన తోటివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

రిటైరయ్యాక ఆ విద్య మా పేట మీద పడింది. ఇల్లు కట్టాలన్నా, పెళ్లి చేయాలన్నా, కోచింగ్ సెంటర్ పెట్టాలన్నా ముందు ఆయన వరండాలో కూర్చోవాల్సిందే. గళ్ల కాగితం తీసేవాడు. ఒక గడి ఒక రోజు. ఎడమ పక్కన పనులు, పైన రోజులు. చెవి మీద పెన్సిలు. "ఎప్పుడు అయితది అంకుల్?" అని అడిగితే జవాబు చెప్పేవాడు కాదు. "ఎప్పుడు అని అడగొద్దు. ఎంతసేపు పడతది అని అడుగు. ఎప్పుడనేది దానెంక అదే వస్తది."

ముందు మూడు ప్రశ్నలు వేసేవాడు. చేతులు ఎన్ని? నీళ్లు ఎక్కడివి? వాన పడినప్పుడు అక్కడ నిలబడేది ఎవరు? మూడోదానికి చాలామంది తడబడేవాళ్లు. మా వీధి చివర ఉండే ఒకాయన టిఫిన్ సెంటర్ పెడతానని వచ్చాడు. అంకుల్ అంతా విని, "పొద్దున ఎన్నింటికి లేస్తవు?" అన్నాడు. "ఏడు గంటలకు" అన్నాడాయన. "టిఫిన్ సెంటర్ అయితది. నీతోని కాదు" అని కాగితం మడిచేశాడు. ఆ మనిషి అలిగి ఆరు నెలలు మాట్లాడలేదు. పెట్టనూ పెట్టాడు, మూడో నెలలో మూయనూ మూశాడు. తర్వాత వచ్చి వరండాలో కూర్చుంటే, అంకుల్ టీ ఇప్పించాడు గానీ ఆ సంగతి ఎత్తలేదు.

మా చెల్లి పెళ్లికి కూడా ఆయనే రాసిచ్చాడు. పెళ్లివాళ్లు మట్టెవాడ నుంచి రావాలి. బండ్లు ఎన్నింటికి కదలాలి, ఎక్కడ ఎంత ఆగాలి, అన్నీ ఉన్నాయి. రైల్వే బ్రిడ్జి దగ్గర మాత్రం ఒక గడి గీసి, "ఇరవై నిమిషాలు. ఎవ్వరూ ఏం చెయ్యలేరు" అని రాశాడు. మేం పడీపడీ నవ్వాం. పెళ్లినాడు బ్రిడ్జి మీద లెక్కపెట్టినట్టు ఇరవై నిమిషాలు ఆగిపోయాం.

ఆయన చార్టుల్లో అందరికీ గుండె గుభేలుమనే గడులు రెండుండేవి. నెలల తరబడి సాగే ఏ పనికైనా, మేడారం జాతరకు కూలీలు పోయే రోజులూ బతుకమ్మ పండుగ రోజులూ తీసేశాక, ఇంకో రెండు గడులు నల్లగా దిద్ది "ఎవరన్నా పోతే" అని రాసేవాడు. ఒక ముసలమ్మ మండిపడింది.

"శుభమా అని ఇల్లు కట్టుకుంటాంటే గిదేం రాత సారూ?"

"అవ్వా, ఎనిమిది నెలల పని. ఇరవై మంది కూలీలు. వాళ్ల ఇండ్లల్ల ఎవ్వరు చావరని నువ్వు రాసిస్తవా?"

ఆ ఇంటి పని మధ్యలో మేస్త్రీ తండ్రి పోయాడు. రెండు రోజులు పని ఆగింది. చార్టు మాత్రం చెడలేదు.

ఇక ఆయన రబ్బరు సంగతి చెప్పాలి. రోజులు తగ్గించమని అందరూ అడుగుతారు. ఆయన వాదించేవాడు కాదు. జేబులోంచి రబ్బరు తీసి అవతలివాళ్ల ముందు పెట్టేవాడు. "నా చేత్తోని తుడువ. నువ్వే తుడువు. ఏం తుడుస్తానవో నోటితోని చెప్పుకుంట తుడువు. తుడిసినంక కింద సంతకం పెట్టు." అంతే. ఎంత గట్టివాడైనా ఆ రబ్బరు చూసి మెత్తబడేవాడు. హసన్‌పర్తి రోడ్డులో గోదాము కట్టిన ఒక వ్యాపారి రెండు గడులు తుడిచి, సంతకం దాకా వచ్చి, మళ్లీ పెన్సిలు అడుక్కుని తానే గీసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన వెళ్లాక ఇద్దరం నవ్వుకున్నాం. "చూసినవా బిడ్డా, కాదు అని నేను చెప్పే పనే లేదు" అన్నాడు అంకుల్ సంబరంగా.

మా మందిరం కూలగొట్టి కొత్తది కట్టాలనుకున్నప్పుడు నేను కట్టడం కమిటీకి సెక్రటరీని. బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని. లెక్కలు బాగా రాస్తానని ఆ పని నాకిచ్చారు. అంకుల్ చార్టు గీశాడు. హాలు వెడల్పు. మధ్యలో స్తంభాలు ఉండకూడదు, వెనకాల కూర్చున్నవాళ్లకు కూడా వేదిక కనబడాలి అని మా పట్టు. అందుకని పొడుగాటి బీములు. అక్టోబరులో పోయాల్సిన స్లాబు వానలకు ఆగి ఆగి డిసెంబర్ మొదటి వారంలో పడింది. స్లాబు పోశాక కింద దాన్ని మోసే సెంట్రింగ్ కర్రలు ఇరవై ఒక్క రోజులు ఉండాలని ఆయన రాశాడు. ఇరవై ఒకటంటే క్రిస్మస్ ముందురోజు.

అప్పటికే క్రిస్మస్ పొద్దున ప్రతిష్ఠకు బిషప్‌గారి తేదీ తీసుకున్నాం. తీసుకున్నది నేనే. కమిటీలో లేచి "ఈ క్రిస్మస్ ఆరాధన కొత్త మందిరంలనే" అన్నదీ నేనే. స్లాబు పడకముందే కార్డులు కొట్టించి హనుమకొండ, మట్టెవాడ, హసన్‌పర్తి అంతటా పంచేశాం. మా దగ్గర ఇదొక అలవాటు. కార్డు ముందు, గోడ తర్వాత. కర్రలు క్రిస్మస్ ముందురోజు తీస్తే సున్నం ఎప్పుడు వేయాలి, గచ్చు ఎప్పుడు కడగాలి, కుర్చీలు ఎప్పుడు వేయాలి? నాకు ఒక వారం కావాలి. నిజం చెప్పాలంటే మందిరానికి ఏ తొందరా లేదు. పోయేది నా మాట.

సాయంత్రం ఆయన వరండాకు వెళ్లాను.

"అంకుల్, పద్నాలుగు రోజులకే విప్పితే ఏమైతది?"

"చలికాలం బిడ్డా. కాంక్రీటుకు గూడ చలి పెడతది. ఎండకాలం గట్టిపడ్డట్టు ఇప్పుడు పడది. పైంగ మీ బీములు పొడుగు."

"ఒకచోట పది రోజులకే విప్పిండ్రట. ఏం కాలేదట."

"ఏం కాలేదట అనేది కాయితం మీద రాయనీకి రాదు."

"జర చూడుండ్రి అంకుల్. బిషప్‌గారు వస్తాండ్రు. కార్డులు పోయినయ్."

ఆయన జేబులోంచి రబ్బరు తీసి నా ముందు పెట్టాడు. నేనూ దాన్ని తిరిగి అక్కడే పెడతానని అనుకున్నాడు. నేనూ అలాగే అనుకుంటూ తీసుకున్నాను. కానీ పెట్టలేదు.

"ఏం తుడుస్తానవో చెప్పు" అన్నాడు.

"ఏడు రోజులు" అన్నాను నవ్వుతూ.

"రోజులు కాదు. ఏడు రోజుల కర్రలు అను."

"ఏడు రోజుల కర్రలు."

ఏడు గడులు తుడిచాను. కింద మూలన పెన్సిలుతో చిన్నగా నా సంతకం పెట్టాను. తుడుస్తుండగా ఆయన చేయి ఒకసారి కాగితం మీదికి వచ్చింది. ఆపుతాడనుకున్నాను. కాసేపు అక్కడే ఉండి, వెనక్కి పోయింది. నేను కాగితం చుట్టుకుని ఇంటికొచ్చేశాను. ఆ రాత్రి నాకు బాగానే నిద్ర పట్టింది. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సెంట్రింగ్ మేస్త్రీ పేరు సమ్మయ్య. హసన్‌పర్తి అవతల ఊరు. అంకుల్ అంటే ఆయనకు భక్తి. చదువు రాదు, కానీ గడులు లెక్కపెట్టడం వచ్చు. పద్నాలుగో రోజు పొద్దున నేను బడికి పోతూ సైటు దగ్గర ఆగితే, గోడకు అంటించిన చార్టు ముందు వేలు పెట్టి లెక్కపెడుతున్నాడు.

"టీచరమ్మా, సారు ఇరవై ఒకటి అన్నడు గదా. గిండ్ల పద్నాలుగే ఉన్నయ్. సారే రాసిండా?"

"చార్టు సార్‌దే గద సమ్మయ్యా" అన్నాను.

"సారు రాసిండంటే నాకేం ఫికర్ లేదు" అని తువ్వాల తలకు చుట్టుకున్నాడు.

మూడో పీరియడ్‌లో ఫోన్ వచ్చింది. నడిమి వరస కర్రలు తీస్తుండగా బీము కూలింది. తలుపుల దగ్గరున్న ఇద్దరు బయటికి దుమికారు. సమ్మయ్య దాని కిందే ఉన్నాడు. దవాఖానకు చేరేలోపే పోయాడు.

నేను సైటుకు వెళ్లేసరికి అంకుల్ అక్కడే ఉన్నాడు. చొక్కా నిండా సిమెంటు దుమ్ము. పోలీసాయన చార్టు చేతిలో పట్టుకుని, దీన్ని ఎవరు రాశారని అడుగుతున్నాడు. కాగితం కింద మూలన నా సంతకం తుడిచేసి ఉంది. అక్కడ పెన్నుతో, దుమ్ము వేలిముద్రల మధ్య, ఆయన సంతకం ఉంది.

"నేనే రాసిన. ఏడు దినాలు తీసేసింది గూడ నేనే" అన్నాడు అంకుల్.

నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిచాను. ఆయన నావైపు తిరిగి, "బిడ్డా, నువ్వు బడికి పో. పిల్లలు ఎదురుచూస్తాండ్రు" అన్నాడు.

నేను వెళ్లాను. ఈ రెండు మాటలు రాయడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది.

వారం తర్వాత ఆయన వరండాకు పోయి ఏడ్చాను. పోలీసుల దగ్గరకు వెళ్లి చెప్పేస్తానన్నాను. ఆయన ఓదార్చలేదు.

"నీ తప్పు లేదంటలేను. ఉన్నది. కానీ నీ చేతికి రబ్బరు ఇచ్చింది ఎవలు? డ్యూటీల ఉన్నన్నేండ్లు నేను ఎవ్వనికి రబ్బరు ఇయ్యలే. కాదంటే కాదు అన్న. బయటికొచ్చినంక మందిల మంచిగుండాలని, ఎవ్వల మనసు నొప్పియ్యొద్దని ఈ ఆట మొదలువెట్టిన. కాదు అనుడు నా పని బిడ్డా. ఆ పని నీతోని చేపియ్యాలని చూసిన. నువ్వు తుడుస్తాంటే నా చెయ్యి అడ్డం వెట్టనీకి రాకపోయిందా?"

పోలీసుల దగ్గరకు నేను వెళ్లలేదు. ఆయన వద్దన్నాడని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆయన వద్దనలేదు.

ఆ తర్వాత ఎవరొచ్చి అడిగినా "నాకు రాదు" అనేవాడు. గళ్ల కాగితాలు, పెన్సిళ్లు, స్కేలు అన్నీ ఒకరోజు పెరట్లో కాల్చేశాడు. కమిటీలోంచి ఆయన్ని తీసేశారు. ఆ తీర్మానం మినిట్స్‌లో రాసింది నేనే. ముసలితనంలో లెక్క తప్పాడని జనం జాలిపడ్డారు. కోర్టు వాయిదాలకు హనుమకొండ వెళ్లి, పిలవడానికి గంట ముందే బెంచీ మీద కూర్చునేవాడు. కేసు ఎటూ తేలకుండా సాగుతూనే ఉండింది. మందిరం మరుసటి ఏడు పూర్తయింది. ఆయన లోపలికి ఎప్పుడూ రాలేదు. ఆదివారాలు బయట మెట్టు మీద కూర్చుని పాటలు విని వెళ్లిపోయేవాడు. నేను లోపల మొదటి వరసలో కూర్చునేదాన్ని.

శనివారం నాడు తోటలో బండ కొట్టేవాళ్లు వచ్చి సుత్తి మొదలుపెట్టాక, గేటులోంచి ఒక ఆడమనిషి వచ్చింది. వెంటనే గుర్తుపట్టాను. సమ్మయ్య భార్య కొమురమ్మ. ఎనిమిదేళ్లుగా ఆమె ఎదురుపడకుండా ఎన్ని సందులు చుట్టి తిరిగానో నాకే తెలుసు. ఆమె తిన్నగా నా దగ్గరికే వచ్చింది. ఆ మందిలో ఆమెకు తెలిసిన మొహం నాదే.

"ఇంక మట్టి పెట్టలేదా టీచరమ్మా? బస్సు దొరకలే. అందనేమో అనుకున్న."

"సారు నీకు తెలుసా?" అన్నాను. అంతకంటే తెలివితక్కువ ప్రశ్న ఇంకోటి లేదు.

"ఎందుకు తెల్వది? నెల నెల వచ్చెటోడు గద. పది గంటలకంటే పదికే. అరుగు మీద కూసునెటోడు. నేను తిట్టేదాన్ని. నా మొగన్ని పొట్టన పెట్టుకున్నవ్, నీ చెయ్యి పడిపోను, నీ ఇల్లు నాశనంగాను అని నోటికొచ్చింది తిట్టేదాన్ని. ఒక్క మాట మారు పలుకకపోయేది. తిట్టుడు అయినంక మంచినీళ్లు అడుక్కొని తాగిపోయెటోడు. మా పిల్ల నర్సు చదువుకు ఏడ ఏం కాయితాలు కావాల్నో, ఎన్నడు పోవాల్నో నోటితోని చెప్పెటోడు, కాయితం మీద రాయమంటే రాయకపోయేది. రాను రాను నాకు తిట్టబుద్ధి గూడ కాకపోయేది. ఆయినె తిట్లు పడేటందుకే వస్తడు గదా అని తిట్టేదాన్ని." పెట్టె వైపు చూసింది. "పోయిన నెల రాలే. పానం బాగలేదని తెలిసింది. ఒక్కసారి కనబడి, తిట్టిందంతా మనసుల పెట్టుకోకు సారూ అని చెప్పాల్నని వచ్చిన. ఆలస్యమైపాయె."

సుత్తి దెబ్బలు పడుతున్నాయి. ఇప్పుడు చెప్పకపోతే ఇక చచ్చేదాకా చెప్పనని నాకు తెలిసిపోయింది.

"కొమురమ్మా, ఆ ఏడు దినాలు తీసింది సారు కాదు. నేను. నా చేత్తోని తుడిసిన. సమ్మయ్య నన్ను అడిగిండు, సారే రాసిండా అని. చార్టు సార్‌దే గద అన్న. సారు రాసిండంటే ఫికర్ లేదనుకుంట పోయిండు."

ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. ఈసారి పక్కనున్న గార్డుకు, అంకుల్ కూతురికి కూడా వినబడింది. వాళ్ల మొహాలు చూడలేదు.

కొమురమ్మ చెప్పులు విడిచి వేపచెట్టు కిందికి పోయింది. పెట్టె పక్కన నేల మీద కూర్చుని, చెక్క మీద చేయి వేసింది.

"ఒక్కనాడన్న చెప్పకపోతివి అయ్యా" అంది. "ఎనిమిదేండ్లు నిన్ను తిడితి గదా."

ఆమె లేచి వచ్చి నన్ను తిడుతుందని అక్కడే నిలబడ్డాను. పట్టుకుని కొట్టినా బాగుండేది. బండ పగిలింది, పెట్టె దించారు, అందరూ తలా పిడికెడు మట్టి వేశారు. ఆమె కూడా వేసి, చేతులు దులుపుకుని, నా పక్క నుంచే గేటు వైపు నడిచింది. నావైపు చూడలేదు. ఒక్క మాట కూడా అనలేదు.